సూటిగా పోయే మట్టి ఉండ

శ్రీకాకుళంలో మేముంటున్న వీధి మొగలో, వినాయక చవితి ఇంకా రాకముందే, ఒకామె గోనె పరిచి తడిమట్టి ముద్దలు అమ్ముతుంది. చెరువు మట్టి. నల్లగా, జిగురుగా, మీద తడిగుడ్డ కప్పి ఉంటుంది. ఈ యేడు మా మనవరాలు అందులో ఒక ముద్ద తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని వినాయకుణ్ణి చేసింది. తొండం నిలవక ఊడిపడుతూ ఉంటే చీపురుపుల్ల గుచ్చి నిలబెట్టింది. మిగిలిన మట్టి సత్తుగిన్నెలో అలాగే ఉండిపోయింది. సాయంత్రం వాన మొదలై, జల్లు గుమ్మంలోకి కొట్టేసరికి ఆ గిన్నెలోంచి వాసన లేచింది. లోపల పెడదామని వంగి, ఊరికే కాస్త మట్టి చేతిలోకి తీసుకుని, వానను చూస్తూ నిలబడిపోయాను. కాసేపటికి చూసుకుంటే నా అరచేతిలో ఒక ఉండ ఉంది. నున్నగా, ఏ పక్కా పల్లం లేకుండా, ఉసిరికాయంత.

"ఏంటి నానమ్మా, ఉండ్రాళ్ళా?" అంది మనవరాలు.

కాదు. అది ఉండేలులో పెట్టే ఉండ. ఆ మాట అన్నాక ఉండేలంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది, ఉండేలు గురించి చెబితే గంటిచేను, అంటే సజ్జచేను, గురించి చెప్పాల్సి వచ్చింది. చెప్పింది సగమే. మిగతాది ఇలా రాస్తున్నాను.

మా ఊరు కళింగపట్నానికి లోపలగా, వంశధారకు ఇవతల, మెట్ట మీద ఉండేది. సముద్రం కనబడదు, గాలి తిరిగినప్పుడు హోరు మాత్రం వినబడేది. పల్లపు భూములున్నవాళ్ళు వరి వేసుకునేవారు. మాది మెట్ట కాబట్టి గంటి, మేము చోడి అనే రాగి, గట్ల మీద గోగు. శ్రావణం వచ్చిందంటే ఇంటి నిండా తడి పుల్లల పొగ, కుండలో పులుస్తున్న చోడి అంబలి వాసన, చూరు కింద ఆరని బట్టల ముక్కవాసన. వాన తెరిపిచ్చినప్పుడు అరుగు మీద గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం, మళ్ళీ చినుకు పడితే పొయ్యి దగ్గరకు చేరి, నిప్పుల్లో ఎండు నెత్తళ్ళ చేపలు కాల్చుకుని, అవి వేడివేడిగా కరకరలాడుతుండగానే అంబలిలో నంజుకునేవాళ్ళం. ఉప్పగా, కాస్త చేదుగా ఉండే ఆ మాడు రుచి ఇప్పుడు ఎన్ని కూరలు వండినా నా నాలుకకు దొరకడం లేదు.

మా అయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో పనికి పోయేవాడు. పండగకో, నాట్లకో ఇంటికి వచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో అమ్మ, నేను, తాత. తాతకు చేతులు ఊరికే పెట్టుకోవడం తెలియదు. అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి, తొడ మీద గోగునార పేనుతూ, దారిన పోయే ప్రతివాణ్ణీ పలకరిస్తూ ఉండేవాడు. ఆ నారతోనే పగ్గాలు, ఉట్లు, ఉండేలు తాళ్ళు.

ఇప్పటి పిల్లలు ఉండేలంటే పంగలకర్రకు రబ్బరు కట్టినది అనుకుంటారు. మా ఉండేలు అది కాదు. వెదురుబద్దను వంచి కట్టిన విల్లు. దానికి ఒక నారి కాదు, పక్కపక్కన రెండు నారులు, ఆ రెండూ కలిసిపోకుండా అడ్డంగా చిన్న పుల్లలు, నడుమ అగ్గిపెట్టెంత నారజోలె. ఆ జోలెలో మట్టి ఉండ పెట్టి, వేళ్ళతో నొక్కిపట్టి, చెవిదాకా లాగి వదలాలి. వదిలే క్షణానికి విల్లు పట్టిన ఎడమచేతి మణికట్టును కొద్దిగా పక్కకు తిప్పాలి. తిప్పకపోతే ఉండ వచ్చి మన బొటనవేలికే తగులుతుంది. నా ఎడమ బొటనవేలి గోరు నేను నేర్చుకున్న శ్రావణమంతా నల్లగానే ఉంది.

మా గంటిచేను ఊరికి తూర్పున. పడమటి గట్టు మీద మంచె, ఎదురుగా తూర్పు మూలలో ఒక పొట్టి తాటిచెట్టు. మా వైపు చేను కాపలాకు ఒక పద్ధతి ఉండేది. ఊళ్ళో తాటిచెట్లన్నిటికీ ఎండుకమ్మలు కోసి ఇళ్ళ మీదకు కప్పుకుంటారు గాని, చేని మూలలో ఉన్న తాటికి మాత్రం కత్తి తగలనివ్వరు. ఎండిన కమ్మలు ఏటికేడు కిందకు వాలి, చెట్టు మెడ చుట్టూ గుబురుగా వేలాడుతూ ఉండాలి. చిలకల గుంపు ఏనాడూ తిన్నగా చేలో దిగదు. ముందు ఆ తాటి మీద వాలి, కిందకూ పైకీ చూసుకుని, ఒకటి దిగితే వెనకాల అన్నీ దిగుతాయి. అవి చెట్టు మీద ఉన్నప్పుడే మంచె మీదివాడు ఉండేలుతో ఆ ఎండుకమ్మల్ని కొట్టాలి. కమ్మల గుబురు ఒక్కసారిగా ఫెళఫెళమని మోగుతుంది. చిలక చావదు, దెబ్బ తినదు, ఆ చప్పుడుకి లేచి పోతుంది. గింజల్లోకి దిగాక మాత్రం చేసేదేమీ ఉండదు. చేలోకి కొట్టిన ప్రతి ఉండా కంకులనే విరుస్తుంది. అరుపులు కూడా పని చెయ్యవు. పొద్దు వాలేసరికి సముద్రం గాలి ఎదురు తిరిగి, మన అరుపు మన నోట్లోకే వచ్చేది.

నేను ఉండేలు పట్టడానికి ముందు యేడు తాత భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. మంచె మీద కూర్చుని రేకు వాయించాడు, అరిచాడు, గొంతు పోయింది. తూర్పు సగం చిలకలు, గిజిగాళ్ళు పంచుకున్నాయి. కంకులు నిలబడే ఉన్నాయి గాని ఊకే మిగిలింది. మరుసటి వేసవికి గాదె అడుగు కనబడింది. అమ్మ అంబలిలో నీళ్ళు పెంచుతూ పోయింది. తాగుతుంటే గిన్నె అడుగు తెల్లగా కనబడేది. తాటి ముంజలు, బచ్చలాకు, ఎవరింట్లోనన్నా గంజి వారిస్తే ఆ గంజి. తాత తన గిన్నెను నా వైపు తోసి, కడుపులో బాగోలేదనేవాడు. ఆయనకు ఆ వేసవంతా కడుపులో బాగోలేదు.

అందుకే ఆ యేడు గంటి మోకాలు దాటినప్పటి నుంచి నా కళ్ళు ఆ మూల తాటి మీదే ఉన్నాయి. మంచె ఎక్కేది నేనేనని నాలో నేను అనుకున్నాను. అప్పటికి నాకు తొమ్మిదో పదో.

అయ్య శ్రావణంలో వచ్చాడు. వచ్చిన పూటే, కాళ్ళు కడుక్కుంటూ, శ్రీకాకుళం నుంచి మా మేనత్త పంపిన కబురు చెప్పాడు. అయ్య ఆమెను అప్ప అని పిలిచేవాడు. అత్తకు పిల్లవాడు పుట్టాడు. ఎత్తుకోవడానికి ఒక పిల్ల కావాలి.

"ఇనాయక సవితి ఎల్లాక పైడిని తీసుకెల్లి దిగబెడతాను," అన్నాడు అమ్మతో. "బడి అప్పోల గుమ్మానికి ఎదురేనట. గుంటడు పడుకున్నప్పుడు ఎల్లి కూకోవచ్చట."

"మరి సేను?" అంది అమ్మ.

"సేనికి ఎవుల్నన్నా సూద్దాం."

"ఎవులున్నారు? నువ్వేమో మిల్లుకి పోతావు. ముసిలోడికి సెయ్యి నెగవదు."

"నేనున్నాను," అన్నాను గుమ్మంలోంచి.

అయ్య నవ్వాడు. "నువ్వు మంచెక్కితే సిలకలు నీకే బువ్వ పెడతాయే, గుంట పాపం సిక్కిపోనాదని."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పెరట్లోకి పోయి ఆనపపాదు కింద కూర్చుంటే అయ్య నా వెనకే వచ్చాడు. కాసేపు పాదులో పువ్వుల్ని చూశాడు. తరువాత తన కుడిచేతి బొటనవేలు నా ముందు పెట్టాడు. మిల్లు నూనె దాని గీతల్లోకి ఇంకిపోయి ఉంది.

"నెల్లిమర్లలో అందరూ సంతకం ఎడతన్నారు. నేను దీన్ని రాస్తన్నాను. ఎనకాలున్నోడు నవ్వుతాడు. నువ్వూ ఇదే రాస్తావేటి?"

 అయ్య నన్ను పనికి అమ్మేస్తున్నాడని అంతవరకు కోపంగా ఉన్నాను. ఆ వేలు చూశాక ఆ కోపం నిలబడలేదు. అయినా గిన్నె అడుగు తెల్లగా కనబడటం కూడా నేను మరిచిపోలేదు.

తగువు తీర్చింది తాత. అత్త ఆయన కూతురే, చేను ఆయన చేనే. నార పేనుతూనే అన్నాడు. "నా కూతురికీ మనిషి కావాల, నా సేనికీ మనిషి కావాల. ఒరే, సవితికి నువ్వెలాగూ వస్తావు గదా. అప్పటికి ఈ గుంట మంచె మీంచి తాటికమ్మ మోగిస్తే సేనిది. నేకపోతే మీ అప్పది."

"ఒకపాలి తగిల్తే అయిపోనట్టేటి?" అన్నాడు అయ్య.

"ఒకపాలి ఎవుడికైనా తగుల్తాది. సిలక ఎన్నిపాల్లు వాల్తే అన్నిపాల్లూ మోగాల."

అయ్య సరేనన్నాడు. నేను నెగ్గుతానని అనుకుని కాదు.

కొట్టడం నాకు తొందరగానే పట్టుబడింది. చిక్కంతా ఉండల దగ్గర వచ్చింది. తాత భుజం బాగున్నంతకాలం ఆయన ఉండలు ఆయనే చేసుకునేవాడు, ఒకరు చేసినవి ముట్టేవాడు కాదు. ఇప్పుడు నాతోనూ అదే అన్నాడు. "నీ సెయ్యి నీ ఉండకి తెలియాల." నేను దొరికిన మట్టి తెచ్చి, దొరికినంత చేసి, ఎండలో పడేసి, మంచె ఎక్కి కొట్టాను. ఒకటి తాటికి ఎడమగా పోయింది, ఒకటి కుడిగా, ఒకటి మధ్యలోనే కిందకు దిగి గంటిలో పడింది. విల్లు అదే, చెయ్యి అదే, చూపు అదే. తాత కింద నుంచి చూసి, చేలో పడిన ఉండకు విరిగిన కంకిని తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.  ఇంకా పాలు పట్టని ఆ కంకిని నేను నమిలి మింగేశాను, పారెయ్యడానికి చెయ్యి రాక.

ఆ తరువాత చేను వైపు కొట్టనివ్వలేదు. పెరటి వెనక బీడులో రెండు గుంజలు పాతి, అయ్య మిల్లు నుంచి తెచ్చిన పెద్ద గోనెను విప్పి, తెరలా కట్టించాడు. నడుమ సున్నంతో అరచెయ్యి అద్దాడు. మంచె నుంచి తాటి ఎంత దూరమో అంత దూరంలో రాయి పాతి, ఆ రాయి మీద కాలు పెట్టి కొట్టమన్నాడు. మూడు రకాల ఉండలు చేయించాడు. పుట్టమన్నుతో చేసినవి సున్నంలో పొర్లించాం. చెరువు మట్టితో చేసినవి బొగ్గుపొడిలో. రెండూ కలిపి, జల్లించిన బూడిద వేసి పిసికినవి ఎర్రమన్నులో. ఏ ఉండ ఎక్కడ తగిలితే గోనె మీద ఆ రంగు పడుతుంది. పొద్దున్నంతా కొట్టి, మధ్యాహ్నం ఆ గోనె ముందు నిలబడితే, ఎవరో పిల్ల పేరంటానికి ముగ్గు వేయబోయి చెడగొట్టినట్టు ఉండేది.

పుట్టమన్ను అంటే ఏ పుట్టదైనా కాదు. నాగులచవితికి పాలు పోసే పుట్ట జోలికి పోకూడదు. చెద విడిచిపెట్టిన పాడుపుట్ట వెతికి, చుట్టూ నేల మీద కర్రతో తట్టి, లోపల ఏదన్నా ఉంటే పొమ్మని చెప్పి, అప్పుడు తవ్వాలి. నేను తట్టేదాన్ని, చెప్పేదాన్ని, చెప్పాక కూడా చాలాసేపు దూరంగా నిలబడేదాన్ని.

తెల్లమచ్చలు గోనె అంతటా చెదిరి ఉన్నాయి. నల్లమచ్చలు కిందగా జారాయి, చెరువు మట్టి బరువు. ఎర్రమచ్చలు సున్నపు చేతికి జానెడు ఎడమగా పడ్డాయి, కాని చాలావరకు ఒక్కచోటే. నేను వాటిని చూసి మొహం ముడుచుకున్నాను. ఒక్కటీ చేతికి తగల్లేదు. తాత మాత్రం ఆ ఎర్రమచ్చల దగ్గరే నిలబడిపోయాడు.

"ఇయ్యి నీయి," అన్నాడు.

"ఎడంకి పోతన్నాయి గదా."

"పోనీ. ఎప్పుడూ ఎడంకే పోతే, నువ్వు జానెడు కుడికి సూడు. ఓపాలి అటూ ఓపాలి ఇటూ పోయేదాన్ని ఎటు సూసి కొడతావు?"

ఆ రోజు నుంచి నేను తగలడం గురించి ఆలోచించడం మానేశాను. ఒకదానిలాగే ఇంకొకటి ఉండటం ఎలాగన్నదే నాకు పట్టింది. తాటాకు చీలికతో ఉంగరం చుట్టుకున్నాను. అందులోంచి బిగుతుగా దిగితేనే ఉండ, దిగకపోతే మళ్ళీ పిసుకుడు, వదులుగా జారితే మళ్ళీ పిసుకుడు. రెండు కొబ్బరిచిప్పలు పుల్లకు కట్టి త్రాసు చేసుకుని, ఒకదాన్ని ఒక చిప్పలో పెట్టి, మిగతావాటిని రెండో చిప్పలో ఒక్కొక్కటే వేసి చూసేదాన్ని. గచ్చకాయలకు రమ్మని పిల్లలు పిలిస్తే నాకు పనుందనేదాన్ని. వాళ్ళు అరుగు మీద నుంచి "మట్టి కోమటీ" అని ఎక్కిరించారు. ఎక్కిరించనీ అనుకున్నాను.

ఇంతా చేస్తే, ఎర్ర ఉండలు పదింట్లో రెండు మూడు ఇంకా తెలియని దారి పట్టేవి. ఎందుకో తెలిసేది కాదు. విసుగొచ్చి, కుమ్మరి ఆవంలో కుండల సందున కొన్ని పెట్టించి కాల్పించుకొచ్చాను. అవి రాయిలా గట్టిపడి, ఒకదానికొకటి తగిలితే గంటలా మోగాయి. గోనె మీద ఒకే చోట, ఒకే మచ్చ. నేను ఎగురుకుంటూ వెళ్ళి తాతకు చూపించాను. ఆయన ఒకదాన్ని నేలకేసి కొట్టాడు. పగల్లేదు.

"కాల్సిన ఉండ సేలో ఎయ్యకూడదే. పచ్చిదైతే వానకి కరిగి మన్నులో మన్నైపోతాది. ఇది కరగదు. కోతలప్పుడు కొడవలి పల్లు పోతాయి. నూర్పుల్లో గింజతో కలిసి తిరగల్లో పడతాది. మీ అమ్మ పన్ను ఇరిగితే ఎవులిస్తారు?"

అవి ఆ గోనెను కొట్టడానికే పనికొచ్చేవి, చేనికి కాదు. వాటన్నిటినీ పాడునూతిలో వేయించాడు. ఒక్కొక్కటీ నీళ్ళలో పడే చప్పుడు లెక్కపెట్టుకున్నాను.

కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చే పోలమ్మ ఆ వారం వచ్చింది. అంత పొడుగు మనిషి, నెత్తిన అంత గంప, నోట్లో అడ్డపొగ. చుట్టను నిప్పున్న కొస నోటి లోపలకు పెట్టుకుని, పెదాలు కదిలీ కదలక మాట్లాడేది. ఆమె మాట ఎప్పుడూ కాస్త పొగలోంచే వచ్చేది. అమ్మ తాత పేనిన నారతాడు ఇచ్చి నెత్తళ్ళు పుచ్చుకుంటూ ఉంటే, పోలమ్మ అరుగు మీద చేటలో ఎండుతున్న నా ఉండల్ని చూసింది.

"ఇదేటే, గుంటా? మేక పెంటికలు ఆరబెట్టినావా?"

"ఉండలు. ఉండేలుకి."

ఒకటి తీసి, వేళ్ళ మధ్య తిప్పి, గోరుతో అడుగు గీకింది. పైన తెల్లగా పొడిగా ఉన్నది, అడుగున గోరు దిగింది.

"ఒక పక్కే ఎండిపోనాది. కింద ఇంకా పచ్చే. మా ఇసకలో సేపని ఇలగే వొదిలేస్తే ఒంకరవుతాది, ఆ ఒంకర మరి పోదు. పూటకోపాలి తిరగెయ్యాల. ఎండలో కాదు, గాలిలో. నీకు సెప్పినోడెవుడూ నేడేటి?"

చేట అడుగు నుంచి గాలి తగలదు. పైన నేను చూసేదంతా నున్నగానే కనబడేది, కిందిపక్క బరువు కనబడేది కాదు. ఆ బరువే ఉండను ఒకపక్కకు లాగేస్తోంది. తాతకు ఈ సంగతి తెలియకపోలేదు. ఆయన చేసిన రోజుల్లో ఉండల్ని పగలంతా ఒడిలో పెట్టుకుని కూర్చుని, మాట్లాడుతూ, చేత్తో కలియదిప్పుతూ ఉండేవాడట. అది ఆయన అలవాటు గనక, అదొక పని అని ఆయనకే తోచలేదు, నాకు చెప్పలేదు. పోలమ్మ మాట విని ఆయన తన చేతులు తానే చూసుకుని నవ్వాడు.

పోలమ్మ దగ్గర తెగిన వల ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. పొయ్యి ఉన్న వసారాలో దూలానికి ఉయ్యాలలా కట్టి, ఉండలు అందులో పరిచాను. కింద నుంచి పొగ, అన్ని వైపులా గాలి. పొద్దున్నా సాయంత్రం వల అంచు పట్టుకుని ఊపితే అన్నీ ఒకసారి దొర్లేవి. వాన ఎంత పట్టినా వాటికి తడి తగల్లేదు. అవి ఆరడానికి మామూలుకంటే ఎక్కువ రోజులే పట్టింది, అమ్మ నెత్తి మీద పడతాయని తిట్టింది. నేను తియ్యలేదు.

చవితికి అయ్య వచ్చాడు. పత్రి తెచ్చాం, ఉండ్రాళ్ళు తిన్నాం. అమ్మ నా రెండు గౌన్లు, దువ్వెన, ఒక డబ్బాలో చోడిపిండి మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. ఆ మూట చూసి నేను ఉండల జోలె భుజానికి తగిలించుకున్నాను.

మరునాడు పొద్దు వాలుతుండగా నలుగురం చేనికి వెళ్ళాం. గంటి నా నెత్తికి మించి పెరిగింది. కంకులు పాలు గట్టిపడి, గాలికి ఒకదానికొకటి రాసుకుంటూ సన్నగా చప్పుడు చేస్తున్నాయి. నేను మంచె ఎక్కాను. అయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించాడు. తాత మంచె కాలు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కలుపు లేకపోయినా కలుపు తీస్తున్నట్టు వంగి ఉంది.

చిలకలు వంశధార వైపు నుంచి వచ్చాయి. ముందు కీచుమన్న అరుపులు, తరువాత ఆకాశంలో పచ్చగా ఒక మెరుపు, తిరిగి, వంపు తిరిగి, తాటి మీద వాలాయి. ఎండుకమ్మల మీద ఎర్రముక్కులు.

"వాల్నాయి," అన్నాడు అయ్య.

నేను జానెడు కుడికి చూసి వదిలాను. సముద్రం గాలి లేచిందన్నది మరిచాను. బీడులో గోనెకు ఇళ్ళ చాటు ఉండేది, ఇక్కడ చాటు లేదు. ఉండ కమ్మల కిందుగా పోయి గంటిలో పడింది. అయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. ఒక చిలక చేలో దిగింది.

జోలెలోంచి ఇంకో ఉండ తీశాను. మొదటిది ఎక్కడకు పోయిందో రెండోదీ అక్కడకే పోతుందన్న నమ్మకం నాకుంది, అవన్నీ ఒకే చెయ్యి, ఒకే ఉంగరం, ఒకే వల. అందుకని విల్లు కొంచెం పైకెత్తితే చాలు. ఎత్తి వదిలాను. కమ్మలు ఫెళఫెళమన్నాయి. గుంపంతా ఒక్క అరుపుతో లేచింది, చేలో దిగినది కూడా వెనకాలే లేచింది. అవి చేను చుట్టూ తిరిగి మళ్ళీ వాలాయి. మళ్ళీ మోగించాను. మళ్ళీ వచ్చాయి. మూడోసారో నాలుగోసారో అయ్య లేచి నిలబడ్డాడు, చుట్ట ఆరిపోయింది. చిలకలకు మొండితనం ఎక్కువ. నాకూ అంతే. పొద్దు నా వెనక ఊరి తాటిమట్టల్లోకి దిగేదాకా అవి వాలుతూనే ఉన్నాయి, నేను కొడుతూనే ఉన్నాను, జోలె అడుగు చేతికి తగులుతుండగా అవి ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగి ఏరు దాటిపోయాయి.

మసక పడుతుండగా మంచె దిగాను. ఇంటి దారిలో సగం దూరం వచ్చాక అయ్య అన్నాడు. "బడి మరి?"

"గింజ ఇంటికొచ్చాక ఎల్తాను," అన్నాను.

గుమ్మం దగ్గర ఆయన ఆ మూట తీసి అమ్మ చేతికిచ్చాడు. "ఇప్పీ. సవితి తడికి గౌన్లు ముక్కిపోతాయి."

ఆ యేడు దసరాకు గంటి కోశాం. తూర్పు మూల కూడా కోశాం. కోసిన కంకులు కళ్ళంలో ఆరబెడితే ఆ దుమ్ము, ఆ తియ్యటి గడ్డివాసన తలలోంచి, బట్టల్లోంచి చాలాకాలం పోలేదు. గాదె నిండింది. కొత్త గంటి గింజలు దంచి అమ్మ వండిన మొదటి అంబలి చెంచా నిలబడేటంత చిక్కగా ఉంది. తాత తన గిన్నె ఎవరివైపూ తోయలేదు, అడుగుదాకా నాకేశాడు.

అప్పటికి అత్తకు వాళ్ళ ఆయన ఊరి నుంచి వేరే పిల్ల దొరికింది. అయ్య ఒకసారి అడిగించి చూశాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి యేడు మంచె, ఆ మరుసటి యేడు మంచె, తరువాత పెళ్ళి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. పెద్దవాళ్ళకు సాయంత్రాలు చెప్పే చోట, నాకంటే చిన్న పంతులమ్మ దగ్గర. నా సంతకం మొదటిసారి తప్పులేకుండా పెట్టిన రోజు అయ్య వేలు గుర్తొచ్చి, ఆ పంతులమ్మ చూడకుండా తల దించుకున్నాను.

మొన్నామధ్య మా ఊరు వెళ్ళాను. మెట్టంతా సరుగుడు తోటలు, వరసగా, చప్పుడు లేకుండా. గంటి వేసేవారు లేరు. మూల తాటిని కొట్టేశారు. మంచె కట్టే గుంజలకు గాడి తియ్యడం తెలిసినవాళ్ళు పోయారు, గోగునార పేనే తొడలు పోయాయి. అడ్డపొగ తాగే ముసలమ్మ ఒక్కతి కనబడింది గాని ఆమె చేపలు ఎండబెట్టదట. చిలకలు కూడా రావడం లేదు. సరుగుడులో వాటికేముంది.

అత్త పోయేముందు, మంచం మీద ఉండగా చూడ్డానికి వెళ్ళాను. ఆమె గుమ్మం ఎదుట ఆ బడి ఇంకా ఉంది, పిల్లలు ఎక్కం చదువుతున్న రాగం మంచం దాకా వినబడుతోంది. అత్త చాలాసేపు ఆ రాగం విని, నా చెయ్యి పట్టుకుని అంది. "అప్పుడొచ్చుంటే నీకు సదువొచ్చీది గదే, పైడీ."

"వచ్చింది కదా అత్తా, ఇప్పుడు."

"ఎంత ఆలీసం."

ఆలస్యమే. కాదనను. ఆ యేడు మా ఇంట్లో ముగ్గురం అంబలి తాగాం, గిన్నె అడుగు కనబడలేదు. అక్షరాలు నా కోసం అన్నేళ్ళు ఆగాయి. గంటి ఆగేది కాదు.